మైనం పూసిన కుండ

దప్పిగొన్న వాని దరిఁజేరు సెలయేఱు,
వేడి గాలి నడుమ వెన్నెలయిన
చంద్రమౌళి కరుణ చదలేటి నీటితో
మనసులోని మంట మాన్పుఁగాత!

ఆ చంద్రమౌళికి మ్రొక్కి, గురుపరంపరకు శిరసు వంచి, నల్లమల అంచున మఠం కట్టుకొని జీవించిన విరూపాక్ష యతి కథను, ఆయన శిష్యుడైన ఏకామ్రుని కథను చెప్పబూనుతున్నాను. కథ చిన్నది. ఇందులో ఆ ఇద్దరితో పాటు రెండు మట్టికుండలు కూడా ఉన్నాయి. వాటిని మరువకుండా వినాలి.

ఏకామ్రుడు చదువుకున్నవాడు. తర్కమూ వ్యాకరణమూ ముగించిన తరువాత కూడా లోపల తీరని దప్పి ఏదో మిగిలిపోయింది. ఈశ్వరుని సన్నిధిలో కదలక మెదలక కూర్చోవడం నేర్చుకోవాలని, ఇల్లు విడిచి వచ్చి విరూపాక్ష యతి పాదాలు పట్టుకున్నాడు.

యతి అతనిని తేరిపార చూశాడు. చెవిలో మంత్రం చెప్పాడు. ఆ వెంటనే మఠం ముందున్న చలివేంద్రం అప్పగించాడు.

ఆ మఠం శ్రీశైలానికి పోయే పడమటి కాలిబాట మీద ఉండేది. అక్కడితో ఊళ్లు ముగిసి అడవి మొదలవుతుంది. ఉగాది దగ్గరపడితే తుంగభద్రకు ఆవలి నుంచి జనం ఏరులా వచ్చేవారు. కాలికి చెప్పు లేనివారు, నెత్తిన మూట ఉన్నవారు, చంకన బిడ్డ ఉన్నవారు, అందరూ ఆ ఎండలో నోరెండి, ఆ పందిరి కిందికే చేరేవారు.

పందిరి ఈతాకులది. నాలుగు వైపులా తెరిపి. కింద ఇసుక తిన్నె, తిన్నె మీద వరుసగా కుండలు. యాత్రికుడు వంగి దోసిలి పడతాడు. పొడుగాటి కాడ ఉన్న ముంతతో ఆ దోసిట్లో నీళ్లు వంచాలి. చాలని అతడు తల ఆడించేదాకా వంచుతూనే ఉండాలి. అక్కడి సేవ అంతే.

ఏకామ్రునికి మొదటినాడే ఒక చిక్కు వచ్చింది. జపమాల కుడిచేత తిప్పాలన్నది శాస్త్రం. ఎడమచేత నీళ్లు పోయరాదన్నది మర్యాద. రెండు పుణ్యాలకూ ఒకే చేయి కావలసి వస్తే ఏది మానుకోవాలి? చాలాసేపు ఆలోచించి, మాలను ఎడమచేతికి మార్చాడు. ఆనాటి నుంచి మనసులో ఒక ముల్లు నాటుకున్నట్టే ఉండేది.

కళ్లు మూసి "నమశ్శివాయ" అని ఒక పూస జరిపేలోగా, "అయ్యా, నీళ్లు" అని ఒక గొంతు. కళ్లు తెరిచి పోసి, మళ్లీ మూసేలోగా, "సామీ, ఈ బిడ్డకు ముందు పొయ్యండి" అని మరొకటి. ఎద్దుల గంటలు, పిల్లల ఏడుపులు, భజనల కేకలు. వీటన్నిటి మీద పడమటి నుంచి వీచే వడగాలి. ఆ గాలి పందిట్లోకి దూరి, కుండలను చుట్టి, అతని ముఖాన దుమ్ము కొట్టి పోయేది.

కావడితో నీళ్లు మోసుకువచ్చే నారెప్ప ఒకనాడు కుండలు నింపుతూ అన్నాడు:

"సామీ, మీరు నీళ్లు పోస్తా ఉంటే కాలిన పెనం మీద పోసినట్టు సుయ్యిమంటా ఉండాది. లోపల ఏమన్నా పొయ్యి మండుతా ఉండాదా?"

"నీ పని చూసుకో" అన్నాడు ఏకామ్రుడు.

"చూసుకుంటానే ఉండాను. కావడి బరువు నాది, మొకం బరువు మీది" అని నారెప్ప నవ్వుకుంటూ పోయాడు.

ఆనాటి మధ్యాహ్నమే హంపమ్మ అనే ముసలామె వచ్చింది. తుంగభద్ర ఆవలిది. ఎండకు నల్లబడిన మనిషి, మెడలో విభూతి సంచి, భుజాన సొరకాయ బుర్ర. దోసిలి పట్టి తాగింది. మళ్లీ పట్టింది, మళ్లీ తాగింది. మూడవసారి పట్టి, కొంచెం తాగి ఆగి, భుజాన ఉన్న బుర్రను గడ్డంతో చూపింది.

"నాయనా, ఇది కూడా నింపు. మా చెల్లెలు కాలు వాచి వెనక బాటలో కూలబడె. నడవలేకుండా ఉండాది."

ఏకామ్రుడు అప్పుడే ఒక పూస పట్టుకొని ఉన్నాడు. ఆ పూస దాటితే మాల పూర్తవుతుంది. పొద్దున మొదలుపెట్టిన మాల.

"తల్లీ, ఈ కుండలన్నీ నీ ఒక్కదానికోసమే పెట్టారనుకున్నావా?" అన్నాడు.

ముసలామె దోసిలి అలాగే ఉంది. అందులో కొద్దిగా నీళ్లు మిగిలి ఉన్నాయి. ఆమె వేళ్లు మెల్లగా విడిపోయాయి. నీళ్లు సందుల్లోంచి ఇసుకలోకి జారిపోయాయి.

"నువ్వు దేవుడితో మాట్లాడుకుంటా ఉంటివి. నడుమ అడ్డమొచ్చిన. తప్పు నాదేలే నాయనా" అంది.

ఖాళీ బుర్రతోనే వెనక్కి నడిచింది.

ఏకామ్రుడు మాల పూర్తి చేశాడు. పూర్తయిందన్న సంతోషం ఎంత వెదికినా కనబడలేదు. ముంత కుండ మీద బోర్లించి బాట దాకా పరుగెత్తాడు. దుమ్ములో ముసలామె జాడ లేదు.

సాయంకాలం యతి మఠం అరుగు మీద కూర్చొని మారేడు దళాలు ఏరుతున్నాడు. ఏకామ్రుడు వచ్చి సాష్టాంగపడి లేచాడు.

"గురుదేవా, నాకు సెలవు ఇప్పించండి."

"ఎక్కడికి?"

"గుట్ట మీది రాతిగదికి. అక్కడ పూర్వం ఎవరో తపస్సు చేశారని విన్నాను. ఎవరూ రారు."

"ఇక్కడ ఏమి తక్కువైంది?"

"ఇక్కడ ఈశ్వరుడు తక్కువయ్యాడు."

యతి చేతిలోని దళం ఆగింది. "ఈశ్వరుడు తక్కువయ్యాడా, మనుషులు ఎక్కువయ్యారా?"

"నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి, స్వామీ." హంపమ్మ సంగతి దాచకుండా చెప్పాడు. "ఇల్లు విడిచిన నాడు నాలో కోపం లేదు. శివనామం తలచుకుంటే కళ్లు చెమర్చేవి. ఇప్పుడు నామం ఇసుకలా ఉంది. దప్పితో వచ్చిన ముసలామెను తరిమాను. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటే నాలో మంత్రమూ మిగలదు, మనిషీ మిగలడు. మౌనం కావాలి. అది దొరకకపోతే నేను ఇల్లు విడిచి వచ్చింది వృథా."

యతి కోపగించలేదు, వారించలేదు. లేచి పందిరి కిందికి నడిచాడు. తిన్నె మీద పక్కపక్కన ఉన్న రెండు కొత్త కుండలను వేలి కణుపుతో తట్టి చూశాడు. రెండూ ఒకే కుమ్మరి చేసినవి, ఒకే ఆవంలో కాలినవి. రెండూ ఒకేలా మ్రోగాయి. ఒకదానిని ఎత్తి శిష్యుని చేతికి ఇచ్చాడు.

"వెళ్లు నాయనా. ఇది తీసుకుపో. నీళ్లు నారెప్ప తెచ్చి పోస్తాడు. యాత్ర తిరుగుముఖం పట్టినప్పుడు నేను గుట్ట ఎక్కి వస్తాను. నాకు దోసెడు నీళ్లు పోయి. అక్కడ నీకు కుదిరితే ఇక అదే నీ మఠం. నిన్ను తిరిగి రమ్మని అడగను."

ఏకామ్రుడు కుండను బిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకొని గుట్ట ఎక్కాడు.

రాతిగది చిన్నది. గోడలు రాయి, కప్పు రాతిబండ. ఒక తలుపు, ఒక చిన్న కిటికీ, దీపానికి ఒక గూడు. లోపల కూర్చుంటే మొదట తన శ్వాస వినిపించింది. ఆ తరువాత అదీ వినబడలేదు. ఏకామ్రుని కన్నుల వెంట నీళ్లు కారాయి. ఇన్నాళ్లకు దొరికావా స్వామీ అనుకున్నాడు.

కొన్నాళ్లు అలాగే గడిచాయి.

ఒకనాడు కిటికీలోంచి భజన వినిపించింది. ఎక్కడో దిగువన, కాలిబాట మీద ఎవరో పాడుకుంటూ పోతున్నారు. అతనికి నామం తప్పింది. లేచి కిటికీకి ఒక పలకరాయి అడ్డం పెట్టాడు. మరునాడు తలుపు సందులోంచి గాలి ఈల వేసింది. పాత అంగవస్త్రం చింపి ఆ సందులన్నీ కుక్కాడు.

ఆ తరువాత కుండ మొదలుపెట్టింది.

కొత్తకుండ కదా, ఒళ్లంతా చెమర్చేది. ఆ చెమట బొట్లు బొట్లుగా జారి, రాతినేల మీద సన్నని కాలువ కట్టి, అతడు కూర్చున్న జింకచర్మం కిందికి వచ్చేది. ధ్యానం నడుమ చర్మం తడిసి, కాలికి చల్లగా తగిలేది. ఏకామ్రుడు కుండను ఒక మూలకు జరిపాడు. నేల వాలు అటునుంచి ఇటే ఉంది. బట్టతో తుడిచాడు. తుడిచిన కొద్దిసేపటికే మళ్లీ చెమర్చింది.

దీపపు గూట్లో ఎవరో వదిలిపోయిన తేనెమైనం ముద్ద ఉంది. దానిని దీపం సెగకు కరిగించాడు. కుండను ఖాళీ చేసి, ఆరబెట్టి, మెడ నుంచి అడుగు దాకా మైనం పూశాడు. అరచేతితో నున్నగా రుద్దాడు. నీళ్లు నింపి చూశాడు. ఒక్క బొట్టు బయటికి రాలేదు.

గది పొడిగా ఉంది. నిశ్శబ్దంగా ఉంది. ఇక ఏ అడ్డూ లేదు.

అయితే నీళ్లు వెచ్చబడ్డాయి. ఆ బండల కప్పు కింద, మూసిన తలుపు వెనుక, కుండలో నీళ్లు స్నానానికి తోడినట్టుగా ఉండేవి. తాగితే దప్పి తీరేది కాదు. తపస్వికి రుచితో పనేమిటని ఏకామ్రుడు తనను తాను మందలించుకొని, తాగడమే తగ్గించాడు.

అంతకన్నా చిత్రమైనది మరొకటి జరిగింది. చెవులకు ఏదీ వినబడకుండా చేసుకున్న నాటి నుంచి కళ్లకు ఒకటే కనబడసాగింది. ముడతలు పడ్డ రెండు చేతులు, విడిపోతున్న వేళ్లు, సందుల్లోంచి జారిపోయే నీళ్లు. నామం జపిస్తున్నా అదే. ఆపినా అదే.

నారెప్ప నీళ్లు తెచ్చి తలుపు తట్టేవాడు. ఒకసారి లోపలినుంచే ఏకామ్రుడు కేక వేశాడు.

"తట్టవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? అక్కడ పెట్టి పో."

తలుపు బయట కావడి దించిన చప్పుడైంది. తరువాత నారెప్ప గొంతు మెల్లగా వినిపించింది.

"పోతాలే. ఒక మాట సామీ. రేపు ఆ శ్రీశైలం మల్లయ్యే వచ్చి తట్టినా ఇట్లనే అంటారా?"

అడుగుల చప్పుడు గుట్ట దిగిపోయింది. ఏకామ్రుడు చాలాసేపు మాల పట్టుకొని కూర్చున్నాడు. ఒక్క పూసా జరగలేదు.

యాత్ర తిరుగుముఖం పట్టింది. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. "అక్కడ పెట్టి పో" అనబోయి, ఎందుకో మాట మింగి, గుడ్డపేలికలు లాగి తలుపు తెరిచాడు.

విరూపాక్ష యతి నిలబడి ఉన్నాడు. ముదుసలి శరీరం. గుట్ట ఎక్కిన ఆయాసానికి డొక్కలు ఎగిరిపడుతున్నాయి. కాషాయం చెమటకు తడిసి వీపుకు అంటుకుంది.

ఏకామ్రుడు కాళ్లమీద పడ్డాడు. యతి అతని తల నిమిరి, లోపలికి వచ్చి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మూసిన కిటికీని చూశాడు, తలుపు దగ్గర పేలికలను చూశాడు.

"దప్పిగా ఉంది నాయనా" అని దోసిలి పట్టాడు.

ఏకామ్రుడు ముంతతో నీళ్లు వంచాడు. ఆ నీళ్లు ఎలా ఉంటాయో అతనికి తెలుసు. యతి ఒక గుక్క మింగి, రెప్ప వాల్చి, రెండవ గుక్కా మింగి, దోసిట్లో ఉన్నదంతా వదలకుండా తాగాడు. ఆ తరువాత చేయి చాపి కుండ పొట్టను తడిమాడు. వేలికి మైనం అంటింది. వేళ్ల నడుమ నలిపి చూశాడు.

"చెమర్చడం లేదే?"

"ఆసనం తడుస్తోందని, ధ్యానభంగం అవుతోందని... మైనం పూశాను, గురుదేవా."

"మంచిది" అన్నాడు యతి. గోడ పట్టుకొని లేచాడు. "నాకు దప్పి తీరలేదు. కిందికి పోదాం, పద."

ఇద్దరూ గుట్ట దిగారు. శిష్యుడు ఆయన మోచేయి పట్టుకొని నడిచాడు.

చలివేంద్రం దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. తిరిగివచ్చే యాత్రికులు, నుదుట విభూతి, కాళ్లకు బొబ్బలు, నోట పాటలు. వడగాలి ఏ అడ్డూ లేకుండా పందిట్లోకి దూసుకువస్తోంది. ఈతాకులు గలగలమంటున్నాయి. ముంత పట్టుకొని నారెప్ప తలమునకలుగా ఉన్నాడు. ఏకామ్రుని చూసి, "రండి సామీ, తపస్సు పండిందా?" అని నవ్వి పక్కకు జరిగాడు.

గాలికి ఎదురుగా, తిన్నె అంచున, ఆ జోడు కుండల్లో రెండవది ఉంది. దాని పొట్ట నిండా చెమట. దుమ్ము ఆ తడికి అంటి నల్లటి చారలు కట్టింది. అడుగున ఇసుక అరచేతి వెడల్పున తడిసి ఉంది.

"ముందు నువ్వు తాగు" అన్నాడు యతి.

ఏకామ్రుడు దోసిలి పట్టాడు. గురువు స్వయంగా ముంత అందుకొని వంచాడు. మొదటి గుక్కకే అతని పళ్లు జివ్వుమన్నాయి. చల్లదనం గొంతులోంచి గుండె మీదుగా దిగుతూ ఉంటే, ఎన్నాళ్ల నాటి దప్పో అది, అతడు ఊపిరి తీసుకోవడం కూడా మరచి తాగాడు.

"వట్టివేరు వేశారా స్వామీ?"

"లేదు."

"తడిబట్ట చుట్టి ఉంచారా?"

"లేదు."

"నారెప్ప తెచ్చే నీళ్లే కదా ఇవీ?"

"అవే నీళ్లు. రెండు కుండలూ ఒకే ఆవంలోనివి."

"మరి?"

యతి ముంతను శిష్యుని చేతికి ఇచ్చాడు.

"అది నీ గదిలో ఉంది నాయనా. ఇది వడగాలిలో ఉంది."

అంతే అన్నాడు. పక్కనున్న రాతిబల్ల మీద కూర్చొని, పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

ఏకామ్రుడు కుండ వైపు చూస్తూ ఉండిపోయాడు. గాలి వచ్చి దాని ఒంటికి తగిలినప్పుడల్లా ఒక బొట్టు మెరిసి, నిలిచి, ఆరిపోతోంది. మరొకటి పుడుతోంది. అతని ఎడమ మణికట్టుకు మాల చుట్టి ఉంది. దానిని తీసి మెడలో వేసుకున్నాడు. ఇప్పుడు రెండు చేతులూ నీళ్లకే మిగిలాయి. కుడిచేత్తో ముంతను కుండలో ముంచాడు.

"నాకు పొయ్యండి సామీ." పోశాడు. "ఈ బిడ్డకు." పోశాడు. "ఇంకొంచెం." పోశాడు.

జనం నడుమ నుంచి ఒక ముసలామె, కుంటుతున్న మరొక ఆమెను పట్టుకొని నడిపించుకుంటూ పందిరి కిందికి వచ్చింది. ముంత పట్టుకున్న మనిషిని చూసి అడుగు వెనక్కి వేసింది. భుజాన అదే సొరకాయ బుర్ర.

హంపమ్మ కాసేపు అతని ముఖం చూసింది. మెడలో మాలను చూసింది.

"ఏం నాయనా, అయిపోయినాయా దేవుడితో మాటలు? ఇప్పుడు అడగొచ్చునా, ఇంకా అడ్డమేనా? ఆపొద్దు మా చెల్లెలు ఆ నారెప్ప కావడిలో నీళ్లు తాగి పానం నిలుపుకొనె."

నారెప్ప కావడి బద్దను భుజం మార్చుకొని అటే చూస్తున్నాడు.

ఏకామ్రుడు ముందుకు వంగాడు. నీళ్లు పోసేవాడు అంతగా వంగనక్కర లేదు.

"అయిపోలేదమ్మా. ఇప్పుడూ మాట్లాడుతూనే ఉన్నాను. దోసిలి పట్టు."

ముసలామె అతనిని మరొక్కసారి చూసింది. మెల్లగా రెండు చేతులూ కలిపింది. ఆమె వేళ్లు ఈసారి విడిపోలేదు. అతడు వంచుతూనే ఉన్నాడు. ఆమె తల ఆడించింది. తరువాత చెల్లెలు తాగింది. తరువాత అతడే చేయి చాపి బుర్ర అడిగి తీసుకొని, నీళ్లు మూతి దాటి పొర్లేదాకా నింపాడు.

"చాలు చాలు, నాయనా! మోసేది నేను గదా" అని హంపమ్మ నవ్వింది. వెళుతూ వెళుతూ విభూతి సంచిలో వేలు ముంచి, అతని నుదుట అడ్డంగా ఒక గీత గీసి పోయింది.

పొద్దు వాలాక ఏకామ్రుడు గుట్ట ఎక్కి మైనం పూసిన కుండను దింపుకువచ్చాడు. గోటితో గీరాడు, కత్తితో గీరాడు. మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకిపోయింది. చివరకు వంటశాలలో నిప్పుల మీద బోర్లించి కూర్చున్నాడు. మైనం కరిగి, పొగలేచి, కాలి, కుండ మళ్లీ ఎర్రని మట్టిరంగుకు తిరిగింది. ఆ పొగకు అతని కళ్లు మండి నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు.

మరునాడు దానిని నింపి, గాలికి ఎదురుగా, జోడుకుండ పక్కన తిన్నె మీద నిలిపాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అది పొడిగానే ఉంది. అటు జనానికి నీళ్లు పోస్తూ, ఇటు మధ్యమధ్య దానిని చూస్తూ ఉన్నాడు. తరువాత చూడడం మరచిపోయాడు. పెదవుల మీద నామం ఎప్పుడు మొదలైందో అతనికి తెలియదు. "అయ్యా, నీళ్లు" అన్న పిలుపుకూ ఆ నామానికీ నడుమ ఎడం లేకుండా పోయింది.

వడగాలి బాగా వీచే వేళ విరూపాక్ష యతి అటు నుంచి నడిచిపోతూ ఆగాడు. కాలిన మసి ఇంకా వదలని ఆ కుండ పొట్ట మీద అరచేయి ఆనించాడు. తీసి చూసుకున్నాడు. అరచేయి తడిసి ఉంది.

ఆ తడి చేతిని కళ్లకు అద్దుకొని వెళ్లిపోయాడు.

ఈ కథను చదివినవారికి, చదువుతుండగా విన్నవారికి, నిలిచి వినే తీరిక లేక పనులమీద పరుగెత్తేవారికి కూడా ఆ చంద్రమౌళి చల్లని చూపు తోడగుగాక! ఎవరు ఏ గాలిలో నిలిచి ఉన్నారో, అక్కడనే వారి కుండ చెమర్చుగాక! వారి గడపకు వచ్చిన ఏ దోసిలీ ఖాళీగా మరలకుండుగాక!